జర్మనీకి కొత్తగా వచ్చినవారికి: హెడ్‌ఫోన్లు కొనేముందు ఓమ్‌లు చూడండి

పంచుకునే ఇంట్లో గోడలు ఎంత పలుచనో, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళలు ఎంత గట్టివో నేను మొదటి చలికాలంలోనే పక్కింటివారి తిట్లతో తెలుసుకున్నాను. కాబట్టి పాట బయటికి పొక్కనివ్వని క్లోజ్డ్‌బ్యాక్ హెడ్‌ఫోన్లే కొనాలన్న విషయంలో చర్చ అక్కర్లేదు. ఏవి కొనాలన్న దగ్గరే మనవాళ్లు తొందరపడుతున్నారు.

మొన్న ఒక తమ్ముడు, హైల్‌బ్రాన్‌లో తయారయ్యే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తెచ్చుకొని, ఫోన్‌కు తగిలించి, "అన్నా, పాట పక్క గదిలోంచి వస్తున్నట్టుంది" అన్నాడు. పెట్టె మీద 250 ఓమ్‌లని అచ్చువేసి ఉంటే ఇంకెలా వస్తుంది? ఓమ్‌లంటే కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డు. అవి పెరిగేకొద్దీ గట్టిగా మోగడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఫోన్ అంత ఇవ్వలేదు. ఆ మోడల్ 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. 250 రకం స్టూడియో పరికరాల కోసం చేసినది. దాని మూడు మీటర్ల చుట్టల తీగ ఊడదీయడానికి కూడా రాదు. ఫోన్‌తో వినేవారికి 1.6 మీటర్ల తీగతో వచ్చే 32 ఓమ్‌ల రకమే తగినది.

జాక్ లేని ఫోన్లతో ఈ బెడద ఇంకా పెరుగుతుంది. హెడ్‌ఫోన్ తీగను ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి కలిపే ఆపిల్ యూఎస్‌బీ-సీ అడాప్టర్‌నే తీసుకుంటే, అమెరికాలో అమ్మేదానితో పోలిస్తే ఐరోపాలో అమ్మేది దాదాపు సగం వోల్టేజీనే ఇస్తుంది. అక్కడి బంధువు మెచ్చుకున్న జత ఇక్కడ నీరసంగా పలకడానికి అదే కారణం కావచ్చు. ఓమ్‌ల పక్కనే డెసిబెళ్లలో ఇచ్చే సెన్సిటివిటీని, అంటే అదే సిగ్నల్‌కు హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకెను, కూడా దయచేసి చదవండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 25కి 70 ఓమ్‌లున్నా, సెన్సిటివిటీ ఎక్కువ కనుక ఫోన్‌తో ధారాళంగా మోగుతుంది. అయితే అది చెవి మీద గట్టిగా నొక్కుకొని కూర్చుంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారికి నొప్పి. చెవి చుట్టూ కూర్చునే ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 38 ఓమ్‌లది, తీగ ఊడివస్తుంది, కానీ 285 గ్రాముల బరువు. అక్కడ కూడా అద్దాల కాడ వల్ల కుషన్‌కు సందు పడితే మృదంగం, బేస్ పలచబడతాయి. అద్దాలు పెట్టుకునే పరీక్షించండి.

ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు, ఆ తమ్ముడికి పెద్దగా పోయిందేమీ లేదు. ఆన్‌లైన్‌లో వ్యాపారి వద్ద కొన్న వస్తువును అందిన 14 రోజుల్లోగా, కారణం చెప్పకుండానే, కొనుగోలు రద్దు చేస్తున్నట్టు తెలియజేయవచ్చు. అతడూ అదే చేసి 32 ఓమ్‌ల రకం తెప్పించుకున్నాడు. దుకాణంలో నేరుగా కొన్నవాటికి చట్టం ఈ వెసులుబాటు ఇవ్వదు. వెనక్కి పంపే ఖర్చు మనమే పెట్టుకోవలసి రావచ్చు కనుక, ఆర్డరు చేసేముందే ఆ షరతు చదవండి.