మోకాళ్ళు పట్టుకు కూర్చున్న కథూలు: సముద్ర భూతాల్ని ముద్దుగా గీయడం ఎలా

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడమీద గదిలో చాపలు పరిచేస్తాను. పదీ పన్నెండు మంది పిల్లలు బొమ్మలు నేర్చుకోవడానికి వస్తారు. పోయిన వేసవి సెలవుల్లో ఏడో తరగతి పిల్లాడొకడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. ఆక్టోపస్ తల, ముఖం నిండా తొండాల్లా వేలాడే టెంటకిల్స్, పెద్ద పెద్ద గోళ్ళు, వీపున సన్నటి రెక్కలు. "టీచర్, దీన్ని చూస్తే మా చెల్లి ఏడుస్తోంది. అది ఏడవకుండా ఉండేలా గీయడం నేర్పిస్తారా?" అన్నాడు. పేరు కథూలు అని చెబితే పక్కనున్న పిల్లలు "కథలా?" అని అడిగారు. ఆ రోజు మొదలుపెట్టి ఆ సెలవులన్నీ మేం సముద్ర భూతాలే గీశాం.

కథూలు అమెరికా రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ ఊహలో పుట్టింది. ఆయన 1926లో రాసిన కథ 1928లో వియర్డ్ టేల్స్ అనే పత్రికలో అచ్చయింది. దక్షిణ పసిఫిక్ అడుగున మునిగిపోయిన ర్లియే అనే నగరంలో ఇది నిద్రపోతూ, కలలు కంటూ ఉంటుంది. ఒళ్ళు కొండంత. కోరలతో పీక్కు తినే దెయ్యాల భయం వేరు, దీని భయం వేరు. దీని ముందు మనిషి లెక్కలోకే రాడు. అందుకే చిన్నపిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే జంకుతారు.

మొదటి వారం నేనొక పొరపాటు చేశాను. టెంటకిల్స్ సగానికి తగ్గించి, గోళ్ళు తీసేసి, సీతాకోకచిలుక రెక్కలు పెట్టి గీయించాను. చెల్లి ఏడవలేదు. కానీ అన్న మాత్రం బొమ్మ వంక చాలాసేపు చూసి, "ఇది కథూలు కాదు టీచర్" అన్నాడు. వాడు అన్నది నిజం. భయపెట్టేవన్నీ తీసేస్తే మిగిలేది ఇంకేదో బొమ్మ. అప్పటి నుంచీ మా గదిలో ఒకటే పద్ధతి: దాని అవయవాల్లో ఒక్కటీ తీసేయకూడదు, కొలతలు మాత్రం మార్చుకోవచ్చు.

కొలతల సంగతి నాకు కొండపల్లిలో తెలిసింది. మా అమ్మమ్మగారిది ఆ ఊరే. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే బొమ్మలు చేసేవాళ్ళ అరుగు మీదే ఉండేదాన్ని. తెల్ల పొణికి చెక్కతో తల వేరుగా, ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ బొమ్మల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, ముఖంతో పోలిస్తే కళ్ళు పెద్దవి. పులి బొమ్మైనా సరే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1943లో ఇదే సంగతి రాశాడు. పెద్ద తల, ఎత్తయిన నుదురు, కిందికి ఉన్న పెద్ద కళ్ళు, బూరెల్లాంటి బుగ్గలు, పొట్టి కాళ్ళూ చేతులూ కనిపిస్తే మనకి సాకాలనిపిస్తుందని. పెద్దవాళ్ళ బొమ్మ గీసేటప్పుడు ఒళ్ళంతా ఏడున్నర తలల ఎత్తు పెడతాం కదా, కథూలుకి రెండు తలల ఎత్తు చాలు. అంటే తల ఎంత ఉంటే మిగతా ఒళ్ళంతా కలిపి అంతే.

కూర్చునే తీరు దగ్గరికి వస్తే, కథలోనే మనకి బంగారంలాంటి ఆధారం ఉంది. అందులో ఏడెనిమిది అంగుళాల చిన్న విగ్రహం ఒకటి వస్తుంది. దీర్ఘచతురస్రపు దిమ్మ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. ముందుకాళ్ళతో మోకాళ్ళు పట్టుకుని ఉంటుంది. తల ముందుకి వాలి, టెంటకిల్స్ కొసలు ఆ చేతుల వెనక భాగాన్ని తాకుతుంటాయి. వెనక్కాళ్ళ గోళ్ళు దిమ్మ ముందు అంచుని పట్టుకుని కొంత కిందికి దిగుతాయి. ఇది చదవగానే పెన్సిల్ కింద పెట్టేశాను. అలిగిన పిల్ల గుమ్మం మెట్టు మీద మోకాళ్ళు పట్టుకుని తల వంచుకుని కూర్చునేది అచ్చం ఇలాగే! కాబట్టి దిమ్మ బదులు మెట్టు గీయండి. కృష్ణ ఒడ్డున స్నానఘట్టం మెట్టైతే మరీ బాగుంటుంది, నీళ్ళ గీతలు రెండు వేస్తే చాలు. ముందు తలకి పెద్ద వృత్తం, దాని కింద సగం దాక్కున్నట్టు ఒళ్ళు, రెండు పక్కలా మోకాళ్ళకి రెండు చిన్న వృత్తాలు, వాటి మీద గుప్పెడంత చేతులు. మెడ అక్కర్లేదు. వెనక రెక్కలు సన్నగా, పొట్టిగా ఉండి కొసలు మెట్టుని తాకాలి. ఎగరడానికి సరిపోనంత చిన్నగా ఉంటేనే ముద్దు.

ఇక టెంటకిల్స్. అందరూ ఇబ్బంది పడేది ఇక్కడే, అన్నీ ఒకే పొడుగున, ఒకే వంపుతో దువ్వెన పళ్ళలా గీసేస్తారు. నేను వంటింట్లోంచి వంకాయ తెచ్చాను. లేత గుండ్రటి వంకాయని గుత్తివంకాయ కూరకి కోసినట్టే, తొడిమ వదలకుండా కింది నుంచి నాలుగు పక్షాలుగా కోసి, తొడిమ పట్టుకుని ఎత్తి, వేళ్ళతో కాస్త విడదీయండి. కళ్ళ ఎదురుగా పెట్టుకుని చూడండి. ముందున్న పక్షం ఒక్కటే పూర్తిగా కనిపిస్తుంది. పక్కవి రెండూ సగం సగం, వెనకది కొస మాత్రం. పైన గుండ్రటి నున్నటి తల, కింద విచ్చుకున్న పక్షాలు. కథూలు ముఖం అదే. కాబట్టి ముందున్న టెంటకిల్ పూర్తిగా గీసేశాకే మిగతావి దాని వెనక నుంచి తొంగి చూస్తున్నట్టు గీయాలి. ఎన్ని ఉండాలో కథలో లెక్క లేదు. నేను ఏడు పెట్టిస్తాను, చిన్నపిల్లలకి ఐదు చాలు. నడిమిది సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి జరపండి.

ఒక్కో టెంటకిల్‌కి ముందు మధ్యగీత వంపుగా గీసుకుని, దానికి అటూ ఇటూ అంచులు వేయండి. మొదట్లో చిటికెన వేలంత లావు, కొసకి వచ్చేసరికి అగరుబత్తంత సన్నం. పొడుగు తల ఎత్తులో సగం దాటకూడదు, దాటితే పాత భయం తిరిగొస్తుంది. రెండు కొసలు చేతుల్ని తాకనివ్వండి, ఒకటి జిలేబీ చుట్టలా ముడుచుకోనివ్వండి, ఒకటి బుగ్గ మీదికి వాలనివ్వండి. కింది వైపు ఉండే గుండ్రటి చూషకాలు (పట్టుకుని పీల్చే చిన్న గిన్నెల్లాంటివి) అన్నిటికీ వద్దు. టెంటకిల్ మెలిక తిరిగి లోపలి వైపు కనబడే చోట మాత్రమే వేయండి. మనకి ఎదురుగా ఉన్నవి పూర్తి సున్నాలు, పక్కకి పోయేకొద్దీ కోలగా, అంచు మీదవి చిన్న బొడిపెలు.

కళ్ళకి తల వృత్తాన్ని అడ్డంగా సగం చేసి, ఆ గీతకి కిందే పెట్టాలి. రెండింటి మధ్య ఎడం ఒకటిన్నర కన్ను. ఆక్టోపస్ కంటిపాప అడ్డంగా సాగిన పట్టీలా ఉంటుంది, ఒళ్ళు ఎటు వాల్చినా అది ఆ పాపని దాదాపు అడ్డంగానే నిలుపుకుంటుంది. అందుకని మీ కథూలు తల పక్కకి వాల్చినా కంటిపాపల్ని నేలకి సమానంగానే ఉంచండి. ఇది చిన్న సంగతే, కానీ బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా ఇది మన లోకం జీవి కాదని ఆ ఒక్కటీ చెబుతుంది. మెరుపు చుక్క రెండు కళ్ళలోనూ ఒకే పక్కన పడాలి. 1934లో లవ్‌క్రాఫ్ట్ స్వయంగా గీసిన బొమ్మలో ముఖానికి ఒక పక్కనే మూడు కళ్ళున్నాయి. పెద్ద పిల్లలకి నేను అదే ఇస్తాను. ఆరు కళ్ళు గీసి, ఐదు మూసేయండి, పైకి వంగిన చిన్న గీతలు చాలు. ఆరోది సగం తెరవండి. నిద్రపొమ్మని జోకొడుతుంటే ఒంటికన్నుతో చూసే పసివాడు కనిపిస్తాడు.

లవ్‌క్రాఫ్ట్ కథల్లో ఇలాంటి భూతాలు ఇంకా ఉన్నాయి. డీప్ వన్స్ అనేవి సగం చేప, సగం కప్ప. రెప్పలు లేని ఉబ్బిన కళ్ళు, మెడ మీద మొప్పలు, వేళ్ళ మధ్య తోలు. వీటికి పొరపాటున కూడా కనురెప్పలు గీయకండి. కళ్ళు విప్పార్చి, వెడల్పాటి నోరు ఒకే గీతగా వేసి, ఆ తోలు చేతులకి పట్టుకోవడానికి ఏదైనా ఇవ్వండి. మా పిల్లలు స్కూలు బ్యాగు ఇచ్చారు.

షాగత్ వేరే సంగతి, అదంటే నాకు చాలా ఇష్టం. బుడగల నల్ల ముద్ద, ఒంటి మీద కళ్ళు పుడుతూ మాయమవుతూ ఉంటాయి. దీనికి తాటిముంజలు తెచ్చుకోండి, మా బజార్లో వేసవంతా దొరుకుతాయి. పైతొక్క తీసిన ముంజని కిటికీ దగ్గర అరచేతిలో పెట్టుకుని చూడండి. వెలుగు పడే వైపు చిన్న, గట్టి మెరుపు ఉంటుంది. దానికి ఎదురు వైపు, లోపల, మెత్తటి వెలుగు పరుచుకుని ఉంటుంది. వెలుగు లోపలికి దూరి అటు పక్క తేలుతోందన్నమాట. గట్టి వస్తువుకి అక్కడ నీడ వేస్తాం, ముంజకి అక్కడే వెలుగు వేయాలి. నలుపుకి బదులు ముదురు ఊదా వేసి, ఈ ఒక్క సూత్రం పాటిస్తే ముద్ద మెత్తగా, వేలితో నొక్కాలనిపించేలా వస్తుంది. కళ్ళు మూడు పెద్దవి, మిగతావి ఆవగింజల్లా. కొన్ని అప్పుడే పుడుతున్నట్టు సగమే గీయండి.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. హెచ్‌బీ పెన్సిల్‌తో పలచగా గీసి, 2బీ పెన్సిల్‌తో దిద్దుకుని, జెల్ పెన్ వేస్తే సరి. మెరుపు చుక్కలకి తెల్ల జెల్ పెన్. మన ఎండల్లో అరచేతి చెమటకి పెన్సిల్ గీతలు చెదిరిపోతాయి, చేతి కింద ఓ కాగితం ముక్క పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం వదలకండి, సైజు. ముద్దు చేశాం కదా అని అరచేతిలో పట్టే బొమ్మగా మార్చేస్తే కొండంత ప్రాణి పోతుంది. పక్కన మనకి కొలత తెలిసిన వస్తువు ఒకటి పెట్టాలి. మేం ప్రకాశం బ్యారేజీ పెట్టాం. దానికి గేట్లు 70, అన్నీ గీయక్కర్లేదు, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ ఓ పది చాలు. బ్యారేజీ వెనక నీళ్ళలో కథూలు, గోడ మీద గడ్డం ఆనించుకుని. ఒక టెంటకిల్ ఒక గేటుని కొంచెం పైకెత్తి కింద ఏముందో చూస్తోంది. పైన ఆవగింజంత ఆటో.

ఆ ఏడో తరగతి పిల్లాడు తన చెల్లిని ఆఖరి ఆదివారం తీసుకొచ్చాడు. ఐదేళ్ళుంటాయి. మెట్టు మీద కూర్చున్న బొమ్మని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "కాళ్ళు చల్లగా ఉన్నాయి దీనికి, సాక్సులు వెయ్యి" అంది. గోళ్ళు తీసేయడానికి ఒప్పుకోని అన్న, సాక్సులు వేసి గోళ్ళు చిల్లుల్లోంచి బయటికి పెట్టాడు. మీరూ వేయాలనుకుంటే ముందు గోళ్ళు పూర్తిగా గీసుకోండి, తర్వాత వాటి చుట్టూ సాక్సు అంచు సాగినట్టు చిన్న చిన్న ముడతలు వేయండి. ముందే సాక్సు గీస్తే గోరు దాని మీద అంటించినట్టు ఉంటుంది.