ఊరి పాత సత్రం పుట్టుపూర్వోత్తరాలు ఎట్లా పట్టుకోవాలి

మా దేవరకొండ వైపు ఏ ఊళ్లోనైనా పాత సత్రం ఎప్పటిదని అడగండి, "కాకతీయుల నాటిది" అంటారు. తలెత్తి చూస్తే పైకప్పు కింద టాటా ముద్ర ఉన్న ఇనుప గర్డర్ కనిపిస్తుంది. టాటావాళ్ల ఉక్కు తయారీ 1912లో మొదలైంది. అందుకని పెద్దమనుషులు చెప్పింది రాసుకోండి, కాదనకండి, కానీ పని మాత్రం కాగితంతో మొదలుపెట్టండి. దస్తావేజులు రాసి బతికేవాణ్ని, నా బుద్ధి అటే పోతుంది.

కాగితం అనగానే చాలామంది పహాణీలో, అంటే సాగుభూముల లెక్క పుస్తకంలో, సత్రం జాగా వెతుకుతారు. దొరకదు. సత్రం గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్లుండే జాగాలో ఉంటుంది, అక్కడి ఇండ్ల పేర్లు పహాణీకి ఎక్కవు. వెతకాల్సింది సత్రం నడవడానికి ఇచ్చిన భూమిని. బాటసారులకు బియ్యం, దీపానికి నూనె, ఊడ్చే మనిషికి జీతం ఏ చెలక మీదనో, మాగాణి మీదనో వచ్చేవి. ఆ భూమి పక్కూరి శివారులో కూడా ఉండొచ్చు. తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టి, ఇనాం (సేవకో, ధర్మానికో సర్కారు ఇచ్చిన భూమి) అని ఉన్న నంబర్లన్నీ వరుసగా చూడండి. మనిషి పేరుండాల్సిన చోట సత్రం పేరో, గుడి పేరో ఉంటే అక్కడ ఆగండి. ఆ ఇనాంకు ముంతఖబ్, అంటే ఇనాంను ఖాయం చేస్తూ నిజాం సర్కారు ఇచ్చిన పత్రం, దొరికిందా, సగం పని అయినట్టే. ఎవరికి, దేనికోసం ఇచ్చారో అందులో ఉంటుంది. దేవాదాయ శాఖ వాళ్ల 43 రిజిస్టర్ (చట్టం 43వ సెక్షన్ కింద గుళ్లు, సత్రాలు నమోదు చేసే పుస్తకం), తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఆ తర్వాత.

పాత కాగితాలు ఉర్దూలో, తారీఖులు ఫసలీలో, అంటే పాత శిస్తు లెక్కల ఏడాదిలో ఉంటాయి. ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఫసలీకి 590 కలపండి. నిజాం కాలంలో ఆ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి ఒకటి నుంచి ఉన్న తారీఖైతే 591.

ఇక కట్టడం. జారిపడ్డ బెంగుళూరు పెంక ఒకటి తిరగేసి మట్టి తుడవండి. ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉబ్బెత్తుగా ఉంటాయి. బేసల్ మిషన్ అని ఉంటే 1865కు ముందుది కాదు, వాళ్ల మంగళూరు కార్ఖానా ఆ ఏడే మొదలైంది. అయితే అది కప్పు వయసే, గోడది కాదు. గూనపెంకలు తీసేసి ఇవి వేసిన ఇండ్లు బోలెడు. గోడ పైవరుసలో డంగు సున్నం (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) ఆగి కొత్త సున్నమో, సిమెంటో మొదలైన గీత కోసం చూడండి, కప్పు తర్వాత మార్చారనడానికి అదే గుర్తు.

ముసలివాళ్లను "ఎప్పుడు కట్టారు" అని అడిగితే మళ్లీ కాకతీయులే వస్తారు. బండ్లు ఎక్కడ విప్పేవాళ్లు, వంట ఎవరు చేసేవాళ్లు, పోలీస్ యాక్షన్ నాటికి తలుపులు తెరిచే ఉన్నాయా అని అడగండి. 1932లో నిజాం సర్కారు బస్సులు మొదలయ్యాయి. మీ రోడ్డుకు బస్సు ఎప్పుడొచ్చిందో తెలిస్తే, సత్రం ఎందుకు ఖాళీ అయిందో వాళ్లే చెప్తారు.

ద్వారం మీద అక్షరాలుంటే పొద్దుగాల ఏటవాలు ఎండలో ఫొటో తీయండి, సుద్ద రుద్దకండి. "కీలక" అని ఏడు పేరు ఒక్కటే ఉంటే 1848 కావచ్చు, 1908 కావచ్చు, 1968 కూడా కావచ్చు. పక్కన శకం 1830 అని ఉంటే 78 కలపండి: 1908, మూసీ వరద వచ్చిన ఏడు. అంకె చెదిరిపోయిందా, ముంతఖబ్ తారీఖుకు ఏది దగ్గరైతే అదే రాసుకోండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి.