డిసెంబర్‌లో డ్రెస్డెన్ ఫైల్స్, పక్కన క్రిస్మస్ పాటలు: నేను చేసే పద్ధతి

మా ఇల్లు షికాగో దగ్గర అరోరాలో, ఆఫీసు డౌన్‌టౌన్‌లో. మెట్రా ట్రైన్‌లో పోను గంట, రాను గంట. ఆ రెండు గంటల్లోనే నేను డ్రెస్డెన్ ఫైల్స్ అనే ఇంగ్లీషు నవలల సిరీస్ మొత్తం పూర్తి చేశాను, ఇప్పుడు రెండోసారి నడుస్తోంది. నవంబర్ మొదట్లోనే ఇక్కడ 93.9 ఎఫ్ఎం స్టేషన్ పూర్తిగా క్రిస్మస్ పాటల్లోకి మారిపోతుంది, చెట్ల ఆకులు కూడా అన్నీ రాలి ఉండవు అప్పటికి. అట్లా ఈ కథలూ ఆ పాటలూ నా చలికాలంలో కలిసిపోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పుస్తకం పక్కన ఏ పాట పెట్టుకోవాలి అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు, అందుకే ఒకేచోట రాస్తున్నా. కథ మలుపులు ఏవీ బయటపెట్టను, భయం లేకుండా చదవండి.

ముందు అసలిది ఏంటో చెప్తా. అర్బన్ ఫాంటసీ అంటే మాయలు మంత్రాలు ఏ పాతకాలపు రాజ్యంలోనో కాకుండా ఇప్పటి సిటీలో జరగడం. జిమ్ బుచర్ రాసిన ఈ సిరీస్‌లో హ్యారీ డ్రెస్డెన్ అనే మాంత్రికుడు షికాగోలో ఆఫీసు తెరిచి, ఫోన్ డైరెక్టరీలో ప్రకటన ఇచ్చుకుని, పోయిన వస్తువులు వెతికిపెడుతూ, పోలీసులకి అంతుపట్టని కేసుల్లో సాయం చేస్తూ బతుకుతాడు. మనకి చందమామ కథల్లో మాంత్రికుడు అంటే చాలావరకు గుహలో ఉండే దుర్మార్గుడే కదా, ఇక్కడ మాంత్రికుడే అద్దె కట్టలేక తిప్పలు పడే మంచోడు. ఇంకో సంగతి, అతను పక్కనుంటే కరెంటు వస్తువులు పాడైపోతాయి. అందుకే బేస్‌మెంట్ ఇంట్లో కొవ్వొత్తులు, ఐసు గడ్డలు వేసుకునే పాత పెట్టె, చన్నీళ్ల స్నానం (షికాగో చలిలో!), నడపడానికి ఒక పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్. పదిహేను కిలోల దాకా ఉండే మిస్టర్ అనే పిల్లి, పుర్రెలో కాపురం ఉండే బాబ్ అనే ఆత్మ, మర్ఫీ అనే పోలీసాఫీసర్. వీళ్లని ఒకసారి ఇష్టపడ్డారంటే ఇంక వదల్లేరు.

మొదటి పుస్తకం స్టార్మ్ ఫ్రంట్ 2000లో వచ్చింది, 2001లో ఫూల్ మూన్, గ్రేవ్ పెరిల్ రెండూ వచ్చాయి. మొదటి రెండూ కొంచెం పచ్చిగా ఉంటాయి కాబట్టి మూడోదో నాలుగోదో పట్టుకుని మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే మొదటి పుస్తకంలో ఒక పేజీలో కనిపించి పోయిన మనిషి పదేళ్ల తర్వాత పుస్తకంలో తిరిగొచ్చి మన గుండె పిండేస్తాడు, ఆ పేజీ మీరు చదివి ఉండకపోతే ఆ దెబ్బ తగలదు. కాకపోతే తీర్పు మాత్రం నాలుగోది సమ్మర్ నైట్ అయ్యేదాకా ఇవ్వొద్దు, అక్కడ కథ ప్రపంచం తలుపులు బార్లా తెరుచుకుంటాయి, వింటర్ కోర్ట్, సమ్మర్ కోర్ట్ అని మాయాలోకపు రెండు రాజ్యాలు వస్తాయి. ఆ లోకం వాళ్లు అబద్ధం చెప్పరు, కానీ నిజాన్నే మెలిపెట్టి మన మెడకి చుడతారు, అందుకే వాళ్ల మాటలు నిదానంగా చదవాలి. అన్నట్టు తెలుగులో రాస్తే ఒక తికమక ఉంది, సమ్మర్ నైట్‌లో నైట్ అంటే రాత్రి కాదు, కత్తి పట్టిన వీరుడు. తర్వాత 2007లో వచ్చిన వైట్ నైట్‌లో మాత్రం నిజంగా రాత్రే.

అన్ని పుస్తకాలు ఎవరు చదువుతారు అని భయపడకండి. చందమామలో బేతాళ కథలు నెలకొకటి చొప్పున ఎన్ని దశాబ్దాలు చదివారు మనవాళ్లు? పట్టువదలని విక్రమార్కుడు చెట్టు దగ్గరికి తిరిగిరావడం ప్రతిసారీ అదే వాక్యమని తెలిసినా అక్కడికి రాగానే ఇంట్లో సర్దుకుని కూర్చునేవాళ్లం. ఇక్కడా అంతే, ప్రతి పుస్తకం ఒక కేసు, కేసు అందులోనే తేలిపోతుంది, కింద మాత్రం పెద్ద కథ ఒకటి పారుతూ ఉంటుంది. నెలకొకటి చాలు. నేను మొదటిసారి ఆత్రంగా వారానికి ఒకటి లాగించేశాను, ఏడో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఏ దెయ్యం ఏ పుస్తకంలోదో కలగాపులగం అయిపోయింది, వెనక్కెళ్లి మళ్లీ చదవాల్సొచ్చింది.

వరుసలో జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండే. 2010లో వచ్చిన ఛేంజెస్ పన్నెండో పుస్తకం, అది మొదలుపెట్టేముందే సైడ్ జాబ్స్ అనే కథల సంపుటి చేతిలో పెట్టుకోండి, ఎందుకంటే ఛేంజెస్ ముగిసిన వెంటనే ఏం జరిగిందో అందులో చివరి కథ మర్ఫీ గొంతుతో చెప్తుంది, అది చదివాకే పదమూడోది ఘోస్ట్ స్టోరీకి వెళ్లాలి. నేను ఛేంజెస్ ఒక ఆదివారం రాత్రి ముగించి తర్వాతి పుస్తకం దగ్గర లేక మూడు రోజులు అన్నం సహించక తిరిగాను. రెండో చోటు 2014లో స్కిన్ గేమ్ తర్వాత. ఆరేళ్ల గ్యాప్ వచ్చి 2020 జులైలో పీస్ టాక్స్, సెప్టెంబర్‌లో బాటిల్ గ్రౌండ్ వచ్చాయి. ఆ రెండూ నిజానికి ఒకే కథకి రెండు సగాలు, మొదటిది ముగించి ఊపిరి తీసుకోకుండా రెండోది తెరవండి. 2026 జనవరిలో ట్వెల్వ్ మంత్స్ వచ్చింది, దాంతో నవలలు 18 అయ్యాయి, సిరీస్ ఇంకా అయిపోలేదు. 2007లో టీవీ సిరీస్ కూడా ఒకటి వచ్చి పన్నెండు ఎపిసోడ్లతో ఆగిపోయింది, అందులో పుర్రెలో ఉండే బాబ్‌ని మనిషి రూపంలో చూపించారు. పుస్తకాలు చదివాక చూడండి, ముందు చూస్తే మీ మనసులో బొమ్మ చెడిపోతుంది.

ఆడియోబుక్స్ జేమ్స్ మార్‌స్టర్స్ చదివాడు. మొదటి ఒకటి రెండు పుస్తకాల్లో ఇంకా కుదురుకోలేదనిపిస్తుంది, తర్వాత తర్వాత ఆ గొంతే హ్యారీ గొంతు అయిపోతుంది మనకి. ఘోస్ట్ స్టోరీ మొదట వేరే నటుడు చదివాడు, తర్వాత మార్‌స్టర్స్ మళ్లీ రికార్డ్ చేశాడు, కొనేటప్పుడు చదివింది ఎవరో చూసుకోండి. అమెరికాలో ఉంటే లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఫ్రీగా వస్తాయి, క్యూ ఉంటుంది కాబట్టి తర్వాతి పుస్తకం రెండు వారాల ముందే హోల్డ్ పెట్టుకోండి.

ఇక పాటలు. ఒకే ఒక్క రూల్ గట్టిగా పాటించండి, చదివేటప్పుడు మాటలున్న పాట పెట్టొద్దు. పేజీలో ఒక మాట, చెవిలో ఇంకో మాట, రెండూ కొట్టుకుని ఏదీ దక్కదు. చదువుతున్నంతసేపూ వాద్యసంగీతం పెట్టుకోండి, పుస్తకం మూశాక పాట. ఆడియోబుక్ అయితే సంగీతమే వద్దు, ట్రైన్ దిగి ఇంటికి నడిచేటప్పుడు పుస్తకం ఆపి పాట పెట్టుకుంటే ఆ అధ్యాయం లోపలికి దిగడానికి టైం దొరుకుతుంది.

వాద్యసంగీతంలో నేను ముందు చెప్పేది చైకోవ్‌స్కీ నట్‌క్రాకర్. 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడిన బ్యాలే. అందులో షుగర్ ప్లమ్ ఫెయిరీ నాట్యం దగ్గర సెలెస్టా అనే వాద్యం వస్తుంది, చూడ్డానికి చిన్న పియానోలా ఉంటుంది కానీ సుత్తులు లోపల ఉక్కు పలకల మీద పడతాయి, గాజు గ్లాసుల మీద మంచు బిందువులు రాలినట్టు ఉంటుంది శబ్దం. సమ్మర్ నైట్‌లో వింటర్ రాణి మాబ్ హ్యారీ ఆఫీసులో అడుగుపెట్టే సీను చదువుతూ దాన్ని తక్కువ సౌండ్‌లో పెట్టి చూడండి. అందంగా ఉంటుంది, వెన్నులో చలీ పుడుతుంది, మాబ్ అంటే అదే. రెండోది కేరల్ ఆఫ్ ద బెల్స్, మాటల్లేని వెర్షన్. అది అసలు క్రిస్మస్ పాటే కాదు, ఉక్రెయిన్‌లో మైకోలా లెయొంటోవిచ్ కూర్చిన కొత్త సంవత్సరపు పాట, ఒక స్వాలో పిట్ట ఎగిరొచ్చి ఇంటాయనకి రాబోయే ఏడాది సిరి గురించి చెప్తుంది అందులో. 1916లో కీవ్‌లో మొదట పాడారు, ఇంగ్లీషు మాటలు 1936లో వచ్చి చేరాయి. నాలుగు స్వరాల ముక్క ఒకటే తిరిగి తిరిగి వస్తూ బిగుసుకుంటుంది, ఛేజింగ్ సీన్లకి దాన్ని మించింది లేదు.

మాటలున్న పాటల్లో షికాగోతో ముడిపడ్డవి ఎంచుకోండి, కథ జరిగే ఊరే కాబట్టి ఎక్కువ పడుతుంది. ఎర్రముక్కు రెయిన్‌డీర్ రూడాల్ఫ్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1939లో మాంట్‌గొమరీ వార్డ్ అనే స్టోర్ వాళ్లు పిల్లలకి పంచడానికి చిన్న పుస్తకం కావాలంటే వాళ్ల ఉద్యోగి రాబర్ట్ మే రాశాడు, పాట పదేళ్ల తర్వాత 1949లో హిట్ అయింది. నాట్ కింగ్ కోల్ పెరిగింది షికాగోలో, అతను పాడిన ది క్రిస్మస్ సాంగ్ 1945 వేసవిలో మండే ఎండకి తట్టుకోలేక చల్లటి సంగతులు తలుచుకుంటూ రాసిన పాట. మహాలియా జాక్సన్ టీనేజ్‌లోనే ఈ ఊరొచ్చి ఇక్కడి చర్చిల్లో పాడి పెద్దదైంది. ఆమె పాడిన సైలెంట్ నైట్ వినండి, ఎక్కడా తొందర లేదు, ఒక్కో మాటని అరచేతిలో పెట్టుకుని చూసినట్టు పాడుతుంది.

ఆ పాట నాకు వేరే రకంగా కూడా దగ్గర. మాది గుంటూరు, చిన్నప్పుడు డిసెంబర్ వస్తే చర్చి యూత్‌తో కేరల్స్‌కి వెళ్లేవాళ్లం. కర్రకి కట్టిన కాగితం నక్షత్రం, దాంట్లో బల్బు, ఒకరి మెడలో డోలక్, ఒకన్న చేతిలో గిటార్, రాత్రి పదింటికి బయల్దేరితే తెల్లవారుజామున మూడు దాకా ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లం, చివరి ఇంట్లో ఆంటీ ఇచ్చే అల్లం టీ తాగుతుంటే గొంతు ఉండేది కాదు ఎవరికీ. సైలెంట్ నైట్‌ని మేం శుద్ధరాత్రి అనే పాడాం. 1818లో ఆస్ట్రియాలో ఓబర్న్‌డార్ఫ్ అనే పల్లెలో మొదటిసారి పాడినప్పుడు కూడా పక్కన ఉన్నది గిటారే అని పెద్దయ్యాక తెలిసి, ఆ అన్న గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లొచ్చాయి. తెలుగు కేరల్స్ మీ లిస్టులో తప్పకుండా ఉండాలి, డోలక్ దెబ్బ పడితే చలి పారిపోతుంది.

ఇంక పుస్తకాలకీ రోజులకీ జత. మొదటి మంచు పడ్డ రోజుకి స్మాల్ ఫేవర్, 2008లో వచ్చిన పదో పుస్తకం. మంచు గడ్డలతో కొట్టుకునే పిల్లల మధ్య మొదలవుతుంది కథ, హ్యారీ తన శిష్యురాలికి మంత్రకవచం నేర్పిస్తుంటే ఆ అమ్మాయి తమ్ముళ్లూ చెల్లెళ్లూ మంచు ఉండలు చేసి ఆమె మీదకే విసురుతుంటారు. నేను ఆ పేజీలు చదివిన శనివారం బయట మా వీధి పిల్లలు గరాజ్ డోర్ మీదకి అవే విసురుతున్నారు, ఒక్కో దెబ్బకీ రేకు ధన్ ధన్ అని మోగుతుంటే పేజీలోంచి వస్తున్నట్టే అనిపించింది. కోల్డ్ డేస్ కథ జరిగేది హాలోవీన్ రోజుల్లో, అయినా డిసెంబర్‌లోనే చదవమంటాను, అందులో శాంతాక్లాజ్ వస్తాడు, ఎట్లా వస్తాడో చెప్పను కానీ మాల్‌లో ఫోటోలు దిగే తాత మాత్రం కాదు. డెడ్ బీట్‌కి మాత్రం క్రిస్మస్ పాటలు పక్కనపెట్టి పోల్కా పెట్టండి. షికాగోలో పోలిష్ వాళ్లు చాలామంది, పోల్కా ఈ ఊరికి సొంత సంగీతం, ఆ పుస్తకం చివర్లో పోల్కా ఎందుకు అవసరం పడుతుందో చదివాక మీకే తెలుస్తుంది. ఆ తర్వాత వీలైతే ఫీల్డ్ మ్యూజియంకి వెళ్లి సూ అనే టీ-రెక్స్ ఎముకల ముందు నిలబడండి, 2000 నుంచి అక్కడే ఉంది, నలభై అడుగుల పొడవు. ఎందుకో ఇప్పుడు అడగొద్దు.

షికాగో రాగలిగితే ఇంకో పని చేయండి. 1976 నుంచి ఈ ఊళ్లో డూ ఇట్ యువర్‌సెల్ఫ్ మెస్సయ్య అని జరుగుతోంది, హాండెల్ క్రీస్తు మీద కూర్చిన మెస్సయ్య అనే పెద్ద సంగీత రచనని ప్రేక్షకులే కోరస్ అయి పాడతారు. దాన్ని మొదట వినిపించింది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, క్రిస్మస్‌కి కాదు. హల్లెలూయ కోరస్ వచ్చేది కూడా రెండో భాగం చివర, పుట్టుక గురించిన మొదటి భాగంలో కాదు. ఇంట్లో వినేవాళ్లు మొదటి భాగంతో మొదలుపెట్టండి, ఒక గంటలో అయిపోతుంది.

24వ తేదీ సాయంత్రానికి నా వరుస ఇదీ. ఫోన్ పక్క గదిలో పెట్టేస్తా, లైట్లు తీసేసి రెండు కొవ్వొత్తులు వెలిగిస్తా, హ్యారీ ఇంట్లో లాగే. గంటసేపు మెస్సయ్య మొదటి భాగం. తర్వాత క్రిస్మస్ ఈవ్ అనే చిన్న కథ, 2018లో రచయిత తన సైట్లో ఫ్రీగా ఇచ్చింది, తర్వాత బాటిల్ గ్రౌండ్ చివర్లో అచ్చువేశారు, మీరు మాత్రం బాటిల్ గ్రౌండ్ దాకా వచ్చాకే చదవండి. అంత పెద్ద మాంత్రికుడు రాత్రిపూట ఒక సైకిల్ బిగించలేక నట్లు బోల్టులతో కుస్తీ పడుతుంటాడు అందులో. పావుగంటలో అయిపోతుంది. అప్పుడు కొవ్వొత్తులు ఉండగానే గుంటూరులో అమ్మకి ఫోన్ చేస్తా, అక్కడ తెల్లారి చర్చికి బయల్దేరే టైం, స్పీకర్ పెట్టి ఇద్దరం శుద్ధరాత్రి మొదటి చరణం పాడుకుంటాం.