పెద్దయ్యాక పిల్లల పుస్తకాలు: ఏడాది లక్ష్యం పెట్టుకోవడం ఎలా

పిల్లల పుస్తకాలే కదా, వారానికొకటి లాగించెయ్యొచ్చు అనుకుని ఏడాదికి యాభై రెండు అని డైరీలో రాసుకునేవాళ్లు ఉగాదికల్లా చేతులెత్తేస్తారు. ఈ పుస్తకాలన్నీ పలచనివి కావు. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' ఇంగ్లీషులో సుమారు 27 వేల మాటలు, రెండు మూడు సాయంత్రాల పని. 'ట్రెజర్ ఐలాండ్' 67 వేల దాకా ఉంటుంది. 'సీక్రెట్ గార్డెన్' ఇంచుమించు 80 వేలు, అంటే పెద్దల నవలంత. అందుకని పుస్తకాల లెక్క పక్కన పెట్టి పేజీల లెక్క వేసుకోండి.

ఏడాదికి పన్నెండు పుస్తకాలు చాలు. సగటున 180 పేజీలు అనుకుంటే మొత్తం 2,160. సంవత్సరంలో 65 రోజులు ముందే కొట్టెయ్యండి: పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, మార్చి నెల ఆఫీసు గొడవ. మిగిలిన 300 రోజులకి రోజుకి ఏడు పేజీలు పడతాయి. ఇప్పుడు ఒక పుస్తకం తీసి, మొదటి మూడు పేజీలు వదిలేసి, ఆ తర్వాతి పది పేజీలకి ఫోన్లో టైము చూసుకోండి. తెలుగుకి వేరుగా, ఇంగ్లీషుకి వేరుగా చూడాలి, ఎందుకంటే చాలామందికి ఈ రెండు వేగాలూ ఒకటి కావు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి తెలుగు పేజీకి మూడు నిమిషాలు పట్టడం వింతేం కాదు. అలా పట్టినా రోజుకి ఇరవై ఒక్క నిమిషాలే.

తెలుగు చదివి ఏళ్లయిందంటే మొదటి పదిహేను రోజులు నవల జోలికి పోవద్దు. రెండు మూడు పేజీల్లో అయిపోయే పాత చందమామ కథలు రోజుకి రెండు చొప్పున, పైకి చదవండి. ఒత్తులు, గుణింతాల దగ్గర కన్ను ఆగిపోవడమే నెమ్మదికి కారణం. పైకి చదివితే ఆ తడబాటు త్వరగా పోతుంది. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన చందమామలో కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పనిచేశారు. ఆ కాలం నాటి సంచికల్లో వాక్యాలు పొట్టిగా, అలంకారాలు లేకుండా నడుస్తాయి, కాబట్టి తుప్పు వదిలించుకోవడానికి అంతకంటే అనువైనవి దొరకవు.

జాబితా వేసేటప్పుడు అందరూ చేసే పని ఇంటర్నెట్‌లో 'చదివి తీరాల్సిన వంద' లాంటిదొకటి ఎత్తి రాసుకోవడం. అందులో తొంభై ఇంగ్లండు, అమెరికా పుస్తకాలే ఉంటాయి. మూడు పుస్తకాలు అయ్యేసరికి మంచు, బోర్డింగ్ స్కూలు, టీ వేళ, మళ్లీ మంచు... విసుగొస్తుంది. పన్నెండింటినీ కలిపి వేసుకోండి: నాలుగైదు తెలుగులో పుట్టినవి, రెండు ఇతర భారతీయ రచయితలవి, రెండు తెలుగు అనువాదాలు, మిగిలినవి ఇంగ్లీషులో.

తెలుగులో మొదటి పేరు 'బుడుగు'. ముళ్లపూడి వెంకటరమణ రాత, బాపు బొమ్మలు. దీన్ని నవల్లా ఒక్క రాత్రిలో చదివితే రెండో గంటకి మొహం మొత్తుతుంది. మొదట వారపత్రికలో వారం వారం వచ్చిన రచన, ఆ మోతాదులోనే రుచి. రోజుకి ఒక్క ముక్క, అదీ పైకి చదవండి. సీగానపెసూనాంబ అన్న పేరు కళ్లతో చూస్తే అక్షరాలే, నోటితో పలికితేనే నవ్వొస్తుంది. తర్వాత చింతా దీక్షితులు 'లక్కపిడతలు'. ఆ పైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లలో ఒకటి: 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', ఏదైనా సరే. పత్రికలో వస్తున్నప్పుడు వాటికి రచయిత పేరు వేసేవారు కాదు, అందుకే కథ బాగా గుర్తున్నవాళ్లకి కూడా పేరు తెలియదు. ఒక్కో భాగం సరిగ్గా ఏదో ప్రమాదం దగ్గర ఆగుతుంది కనుక రోజుకొక భాగం అన్న నియమం ఇక్కడ తనంతట తానే నిలబడుతుంది. లక్ష్యం జారిపోతున్న నెలకి సీరియలే మందు.

కాశీమజిలీ కథలు కూడా పెడదామా అంటే, పన్నెండు భాగాలు. అది వేరే ఏడాదికి వేరే లక్ష్యం.

భారతీయ రచయితల్లో ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' (1935), సత్యజిత్ రాయ్ ఫెలూదా డిటెక్టివ్ కథలు సులువుగా దొరుకుతాయి. అనువాదాల్లో నండూరి రామమోహనరావు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'కాంచన ద్వీపం' ముందు వెతకండి. 'కాంచన ద్వీపం' అంటే ట్రెజర్ ఐలాండే. జపాను పుస్తకం 'టొటో-చాన్' తెలుగులో 'రైలుబడి'గా ఉంది. ఒకప్పుడు మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పిల్లల పుస్తకాలు వచ్చేవి. వాటిలో కొన్నిటిని హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ మళ్లీ అచ్చు వేసింది.

ఇక అసలు గోతి. ఈ లక్ష్యం ఎక్కువగా చెడేది సోమరితనం వల్ల కాదు, సంక్షిప్త ప్రతుల వల్ల. షాపులో పిల్లల అరలో ఉన్న 'క్లాసిక్స్'లో చాలావరకు కుదించినవే. ఎనభై పేజీల ట్రెజర్ ఐలాండ్ కొని, చదివి, 'ఇంతేనా, దీనికింత పేరెందుకు?' అనుకుంటారు. మిగిలింది కథ ఎముకలే, రచయిత గొంతు మొత్తం పోయింది. కొనేముందు అరనిమిషం ఈ పరీక్ష చెయ్యండి. విషయసూచిక తీసి అధ్యాయాలు లెక్కపెట్టండి. ఆలిస్‌కి 12, ట్రెజర్ ఐలాండ్‌కి 34, సీక్రెట్ గార్డెన్‌కి 27, 'విండ్ ఇన్ ద విల్లోస్'కి 12, పినోకియోకి 36, టామ్ సాయర్‌కి 35, చివర చిన్న ముగింపు. అధ్యాయాలు తగ్గితే పుస్తకం తిరిగి అరలో పెట్టెయ్యండి. లోపలి పేజీలో 'రీటోల్డ్', 'అబ్రిడ్జ్‌డ్', 'సంక్షిప్తం' అన్న మాటలు చిన్నక్షరాల్లో ఉంటాయి, చూడండి. తెలుగులో అయితే 'అనువాదం' అని ఉందా 'అనుసరణ' అని ఉందా గమనించండి. అనుసరణ చదవకూడదని కాదు, మూలం చదివేశామని టిక్కు పెట్టకూడదని.

ఈ తేడా ఎంత ఉంటుందో పినోకియో చూస్తే తెలుస్తుంది. సినిమాలో కీచురాయి అతనికి నేస్తం. 1883లో పుస్తకంగా వచ్చిన ఇటాలియన్ కథలో నాలుగో అధ్యాయంలోనే పినోకియో సుత్తి విసిరి ఆ కీచురాయిని చంపేస్తాడు. పత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు రచయిత పదిహేనో అధ్యాయంలో అతన్ని చెట్టుకి ఉరి తీయించి కథ ముగించాడు. మళ్లీ మొదలైంది ఆ తర్వాతే. 'జంగిల్ బుక్' (1894) కూడా అంతే. అందులో ఏడు కథలుంటే మోగ్లీవి మూడే. కార్టూను గుర్తుపెట్టుకుని తెరిచినవాళ్లు నాలుగో కథలో సీల్ జంతువుల మధ్య తేలి, తప్పు ప్రతి కొన్నామేమో అనుకుంటారు. తప్పేం లేదు, అసలు పుస్తకం అదే. 'విండ్ ఇన్ ద విల్లోస్' సంక్షిప్త ప్రతుల్లో తరచు ఎగిరిపోయేది ఏడో అధ్యాయం. కథ నడకకి దాని అవసరం లేదని తీసేస్తారు గానీ పెద్దవాళ్లకి పుస్తకంలో అదే గొప్ప భాగం.

విశాఖలో పుస్తకాల వేట ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం నుంచి మొదలుపెట్టండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. సభ్యత్వం, డిపాజిట్, ఎన్ని రోజులకి ఎన్ని పుస్తకాలు ఇస్తారు అన్నవి కౌంటర్లో అడిగి కాగితం మీద రాసుకోండి, గడువుని బట్టే మీ నెల ప్రణాళిక మారుతుంది. పద్నాలుగు రోజుల గడువుంటే ఏడు పేజీల చొప్పున తొంభై ఎనిమిది పేజీలే అవుతాయి. కాబట్టి లైబ్రరీ నుంచి చిన్నవి తెచ్చుకుని, లావువి కొనుక్కోవడం మేలు. పిల్లల విభాగంలోకి వెళ్లి వెతకండి. 'మనవడికాండీ?' అని ఎవరైనా అడిగితే అవునన్నా నష్టం లేదు. తెలుగు పుస్తకాలు కొనడానికి విశాలాంధ్ర, ప్రజాశక్తి దుకాణాలున్నాయి. వెళ్లేముందు ఫోన్ చేసి పేరు, అనువాదకుడి పేరు రెండూ చెప్పండి. 'టామ్ సాయర్ ఉందా' అంటే ఏదో ఒకటి ఉందంటారు. పాత ఇంగ్లీషు పుస్తకాలకి కాపీరైటు తీరిపోయింది కనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో పూర్తి పాఠాలు ఉచితం. అధ్యాయాల పరీక్షకి కూడా అక్కడి విషయసూచికే కొలబద్ద. గాజువాక నుంచి సిటీ బస్సులో రోజూ వచ్చేవాళ్లకి, కుదుపుల్లో చదివితే తల తిరిగేవాళ్లకి లిబ్రివాక్స్‌లో ఇవే పుస్తకాల ఆడియో ఉచితంగా ఉంది. చదివేవాళ్లు స్వచ్ఛంద సేవకులు కాబట్టి గొంతు బాగోకపోతే అదే పుస్తకానికి ఇంకో రికార్డింగు చూడండి.

ఇంట్లో అటక మీద పాత చందమామ బైండ్లు ఉంటే అదృష్టమే, కానీ ఈ ఊరి గాలి వాటికి శత్రువు. సముద్రపు తేమకి కాగితం బూజు పడుతుంది, ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మచ్చ తింటుంది. దించగానే తెరవొద్దు. మాస్కు కట్టుకుని బాల్కనీలో, పొడి మెత్తటి బ్రష్‌తో కుట్టు దగ్గర నుంచి బయటికి దులపండి. తడిగుడ్డ పెడితే బూజు కాగితంలోకి ఇంకుతుంది. ఎండలో ఆరబెడితే ఆ నాసిరకం కాగితం అప్పడంలా విరుగుతుంది, అందుకే నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు విసనకర్రలా విప్పి రెండు మూడు గంటలు ఉంచండి. విడి సంచికలకి నడిమి పేజీ తెరిచి తుప్పు పిన్ను కాళ్లని నిటారుగా లేపి, బయట మడత వైపు నుంచి నెమ్మదిగా లాగండి. అదే మడత మీద మూడు కన్నాలు పొడిచి, మధ్య కన్నంలోంచి మొదలుపెట్టి నూలుదారంతో కుట్టి అక్కడే ముడెయ్యండి. సెలోటేపు మాత్రం వద్దు, కొన్నేళ్లకి జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలని మింగేస్తుంది. కవర్ మీద 'వపా' అని చిత్రకారుడు వడ్డాది పాపయ్య సంతకం కనిపిస్తే ఆ సంచికని విడిగా దాచండి. ఆయన మన పక్కనే, కశింకోటలో కాపురమున్న మనిషి.

ఏ నెలకి ఏ పుస్తకమో కూడా ఊరిని బట్టి వేసుకోండి. మే నెల ఉక్కపోతలో ఆలిస్, బుడుగు లాంటి పొట్టివి. జూలై నుంచి అక్టోబరు దాకా వానలకి ఇంటిపట్టున ఉంటాం కాబట్టి ట్రెజర్ ఐలాండ్, సీక్రెట్ గార్డెన్. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాలని ఉంటే పొద్దున్నే వెళ్లండి, చవక ప్రతి తీసుకెళ్లండి. సాయంత్రం అక్కడ జనం, ముంత మసాలా, ఎగిరే ఇసుక, వీటి మధ్య చదువు సాగదు.

మధ్యలో ఆగిపోయేది సాధారణంగా మొదటి ఐదో వంతులో. 200 పేజీల పుస్తకమైతే నలభై పేజీల దాకా వెళ్లి, అప్పటికీ లాగకపోతే నిస్సంకోచంగా వదిలెయ్యండి. కాకపోతే కారణం ఒక వాక్యం రాసుకోండి. ఆలిస్‌లో పద్యాలు అర్థంకాక ఆగిపోతే తప్పు మీది కాదు. అప్పటి ఇంగ్లండు పిల్లలచేత బట్టీ పట్టించిన నీతి పద్యాలకి అవి వెక్కిరింతలు, అసలు పద్యం తెలియకపోతే వెక్కిరింత తెలియదు. మార్టిన్ గార్డ్‌నర్ వివరణలు రాసిన 'అనోటేటెడ్ ఆలిస్' (1960) తీసుకుంటే ఆ చిక్కు విడిపోతుంది. ఇంకొన్ని చోట్ల చిక్కు మాటలది కాదు, మనసుది. పీటర్ పాన్‌లో ఆదివాసుల చిత్రణ, హక్ ఫిన్‌లో నల్లవాళ్లని పిలిచే మాట, మన పాత కథల్లో నల్లగా ఉన్నవాళ్ల మీద, లావుపాటివాళ్ల మీద, వితంతువుల మీద వేళాకోళాలు. మీ కోసం చదువుకుంటుంటే అవి ఆ కాలానివని తెలుసుకుని ముందుకెళ్లొచ్చు. పక్కన పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని పైకి చదవాలంటే మాత్రం ఒక అధ్యాయం ముందుగా మీరు చూసుకుని, ఎక్కడ ఆగి మాట్లాడాలో పెన్సిలు గీత పెట్టుకోండి.

నోటుబుక్కులో పుస్తకానికి ఒక్క పేజీ ఇవ్వండి: పేరు, ఏ ప్రతి అన్నది, అధ్యాయాలు, మొదలెట్టిన తేదీ, ముగించిన తేదీ, మళ్లీ వెతుక్కోవాలనిపించే ఒక్క చోటి పేజీ నంబరు. అంతకు మించి రాయబోతే అది సమీక్ష అవుతుంది, సమీక్ష రాయాలన్న బరువుకి చదువు ఆగుతుంది. డిసెంబరు ఇరవై దాటాక తొమ్మిదే అయ్యాయని గాభరాపడి పొట్టి బొమ్మల పుస్తకాలు మూడు చేర్చి లెక్క సరిపెట్టొద్దు. మిగిలిన మూడింటినీ వచ్చే ఏడాది జాబితాలో పైన రాసి, ఈసారి కొత్తవి తొమ్మిదే చేర్చండి.