అడవి పుట్టగొడుగును నీటి రంగుల్లో గీయాలంటే

పుట్టగొడుగు బొమ్మకు ప్రాణం గొడుగు అడుగునే ఉంటుంది. కొన్నింటికి అక్కడ రేకులుంటాయి, కొన్నింటికి సన్నటి రంధ్రాలు, ఇంకొన్నింటికి ముళ్లు. రేకులు కాడకు తగలకుండా ఆగిపోయాయా, అతుక్కున్నాయా, కాడ మీదుగా కిందికి దిగాయా? పైభాగం ఎంత అందంగా వేసినా ఇది తప్పితే ఆ బొమ్మ చూసి జాతిని పోల్చుకోవడం కష్టం.

వాన వెలిశాక రెండు మూడు రోజులకు వెళ్లండి. కోయడానికి అనుమతి లేని చోట అక్కడే కూర్చుని గీయడం మేలు. అనుమతి ఉంటే కాడను లాగకుండా, కత్తితో చుట్టూ మట్టి తవ్వి మొదలంటా తీయండి. ప్రాణం తీసే అమానిటా జాతుల్లో చాలావాటికి కాడ అడుగున సంచిలాంటి తొడుగు మట్టిలో దాగి ఉంటుంది. లాగితే అది నేలలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి కుళ్లుతాయి, కాగితంలో చుట్టండి. ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు, చేతులు కడుక్కుంటే చాలు. బొమ్మతో పోలింది కదా అని మాత్రం ఎన్నడూ తినకండి.

రంగు అక్కడికక్కడే పట్టుకోవాలి. కొన్ని జాతుల గొడుగులు ఆరేకొద్దీ నడిమి నుంచి లేతబడతాయి. ఇంక్ క్యాప్‌లనే పుట్టగొడుగులు కొన్ని గంటల్లోనే నల్లగా కరిగి కారిపోతాయి. గొడుగు అడుగున రంధ్రాలుండే బొలీట్లలో కొన్ని కోసీ కోయగానే నీలం తిరుగుతాయి. కాగితం ముక్క మీద రంగు కలిపి, పుట్టగొడుగు పక్కన పెట్టి సరిచూసి, ఏది ఎంత కలిపారో రాసుకోండి.

ఇంటికొచ్చాక ఒక గొడుగు కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. రాలిన సిద్ధబీజాల (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి పొడి) రంగు తెల్లవారేసరికి తెలుస్తుంది. తెల్లటివి తెల్ల కాగితం మీద కనబడవు, నలుపు అందుకే.

బొమ్మకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నున్నటి హాట్ ప్రెస్ కాగితం, గట్టి 2హెచ్ పెన్సిల్ వాడండి. అసలు కొలతలోనే గీయండి. రేకులన్నీ కాడ వైపే తిరిగి ఉండాలి. పొడుగు రేకుల మధ్య, అంచు దగ్గర మొదలై సగంలో ఆగే పొట్టివి కూడా చాలా జాతుల్లో ఉంటాయి. ఇవి మరిచిపోతే బొమ్మ సైకిల్ చక్రంలా తయారవుతుంది.

గొడుగును మంచినీటితో తడిపి, మెరుపు పడే చోటు పొడిగా వదిలి, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), దాని మీద బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) వదలండి. తడి మెరుపు తగ్గడం మొదలయ్యాక కుంచె పెట్టకండి. అప్పుడు పడిన నీటిచుక్క రంగును తోసేసి, చిరుగు అంచుల మరక మిగులుస్తుంది. పూర్తిగా ఆరాక రేకులకు రండి. రేకుల్ని కాదు, వాటి మధ్య చీకటిని వేయండి. నీడకు నలుపు వద్దు, రంగు చచ్చిపోతుంది. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్‌ట్ సియెన్నా కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. తెల్ల పుట్టగొడుగుకు కాగితాన్నే వదిలి, వెనకాల ఎండుటాకుల్ని ముదురుగా వేయండి.

ఎర్ర గొడుగు మీది తెల్ల పొలుసులకు మాస్కింగ్ ద్రవం (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, తర్వాత ఒలిచేసేది) పనికొస్తుంది. కుంచెను ముందు సబ్బులో ముంచకపోతే వెంట్రుకలు అతుక్కుపోయి పాడవుతాయి. ద్రవం తీశాక అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి గనక ప్రతి పొలుసుకూ ఒకవైపు లేత నీడ ఇవ్వండి.

పక్కనే నిలువుగా కోసిన సగం కూడా గీయండి. 1890లలో పిల్లల కథల రచయిత్రి, చిత్రకారిణి బియాట్రిక్స్ పాటర్ వేసిన పుట్టగొడుగుల చిత్రాల్లోనూ ఇలాంటి నిలువు కోతలు కనిపిస్తాయి. చివరగా తేదీ, ఏ చెట్టు కింద దొరికింది, వాసన ఎలా ఉంది, సిద్ధబీజాల రంగు ఏమిటి అన్నవి బొమ్మ అంచునే పెన్సిల్‌తో రాయండి.