బక్కచిక్కిన లెపర్డ్ గెక్కో (పెంచుకునే మచ్చల బల్లి) పిల్లను చేరదీసే ముందు జాగ్రత్తలు

- ముందు వేడి, తర్వాతే తిండి. ఒళ్లు వెచ్చబడకపోతే దానికి మేత అరగదు. డబ్బాలో ఒక వైపు నేల 31-33 డిగ్రీలు, రెండో వైపు 25 దగ్గర ఉండాలి. డబ్బా కింద పరిచే హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ (వేడి మితిమీరకుండా ఆపే పరికరం) తప్పనిసరి. లేకుంటే పొట్ట కాలుతుంది.

- ఇసుక వద్దు. ఆకలి మీద ఉన్న పిల్ల మేతతో పాటు ఇసుకా మింగేస్తుంది, పేగు మూసుకుపోతుంది. టిష్యూ పేపర్ పరవండి, రెట్ట ఎలా ఉందో కూడా తెలుస్తుంది.

- కాలివేళ్లు ఒక్కొక్కటీ చూడండి. విడవని పాత చర్మం సన్నని తెల్ల ఉంగరంలా బిగుసుకుని ఉంటే రక్తం అందక వేలు ఊడిపోతుంది. గోరువెచ్చని నీళ్లు మడమలు మునిగేంత పోసి పావుగంట ఉంచాక, తడి ఇయర్‌బడ్‌తో మెల్లగా రుద్దండి. రాకపోతే రేపు చూద్దాం, లాగకండి. తడి నాచు పెట్టిన చిన్న గూడు ఉంటే సగం పని అదే అవుతుంది.

- తోక పట్టుకోవద్దు, తెగిపోతుంది. కొవ్వు దాచుకునేది అక్కడే.

- కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకండి. కాల్షియం పొడి అద్దిన చిన్న కీచురాళ్లు చాలు. మిగిలినవి రాత్రికి తీసేయండి, బలహీనంగా ఉన్నదాన్ని అవే కొరుకుతాయి. జాలితో నోరు తెరిచి కుక్కడం మాత్రం వద్దు.

- ఇంట్లో వేరే గెక్కోలుంటే దీన్ని విడి గదిలో పెట్టండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా (మనకు విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) ఉండొచ్చు.

- గ్రాముల్లో తూచే వంటింటి కాటా కొనండి. బరువు తగ్గుతూనే ఉన్నా, దవడ మెత్తబడినా, కాళ్లు వణికినా, తాజా రెట్ట తీసుకుని, సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.