కార్నియా, స్క్లెరా కలిసేచోట కంటి ఆకృతిని పరిశీలించే విధానం

కాంటాక్ట్ లెన్స్ అమర్చేటప్పుడు కెరటోమీటర్ (కార్నియా వంపును కొలిచే పరికరం) చూపిన అంకెలతోనే తృప్తిపడటం మనలో చాలామందికి అలవాటు. ఆ పరికరం కొలిచేది కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, నడిమి భాగంలో దాదాపు 3 మిల్లీమీటర్ల మేర వంపును మాత్రమే. కార్నియా అడ్డు వ్యాసం సగటున 11.7 మిల్లీమీటర్లు ఉంటే, మెత్తని లెన్స్ వ్యాసం సాధారణంగా 14 మిల్లీమీటర్లకు తగ్గదు కనుక, లెన్స్ అంచు తెల్లగుడ్డు (స్క్లెరా) మీదే ఆనుతుంది. కార్నియాను తాకకుండా దాని మీదుగా అమరే పెద్ద గట్టి లెన్స్, అంటే స్క్లెరల్ లెన్స్, బరువు పూర్తిగా అక్కడే పడుతుంది. అందువల్ల నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే లింబస్ వద్ద ఉపరితలం ఎలా మలుపు తిరుగుతోందో విడిగా చూసి నమోదు చేయాలి.

లెన్స్ తీసిన వెంటనే పరీక్షకు పూనుకోకూడదు. బిగుతుగా ఉన్న లెన్స్ కంజంక్టైవా (తెల్లగుడ్డును కప్పే పలుచని పొర) మీద వదిలిన గాడి కంటి సహజమైన పల్లంలా కనిపిస్తుంది. రెప్పను ఎత్తేటప్పుడు వేలి ఒత్తిడి కంటిగూటి ఎముక అంచు మీద పడాలి తప్ప గుడ్డు మీద పడకూడదు. శిక్షణ రోజుల్లో నేను రెప్పతో పాటు గుడ్డునూ నొక్కి, లేని చదును ఉన్నట్లు రాసి, తర్వాత దిద్దుకోవలసి వచ్చింది.

మొదట కంటిని పక్క నుంచి చూడాలి. పరీక్ష చేయించుకునే వ్యక్తిని కిందికి చూడమని చెప్పి పైరెప్పను ఎత్తితే పై లింబస్, పైకి చూడమని చెప్పి కిందిరెప్పను దించితే కింది లింబస్ అంచుగీతలా కనిపిస్తాయి. ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: మలుపు నునుపుగా సాగుతోందా, స్పష్టంగా విరుగుతోందా? లింబస్ దాటాక స్క్లెరా ఉబ్బెత్తుగా ఉందా, తిన్నగా జారుతోందా? ఈ రెండింటి కలయికతో నాలుగు రకాలు ఏర్పడతాయి. స్క్లెరా లోపలికి వంగిన అరుదైన రూపం అయిదవది. ఒకే కంటిని ఇద్దరు పరీక్షకులు వేర్వేరు రకాలుగా గుర్తించడం మామూలే కనుక, దీన్ని కొలతగా కాక వడపోతగా భావించడమే మేలు.

తర్వాత స్లిట్ ల్యాంప్ (సన్నని కాంతితో కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని) కిరణాన్ని సన్నని నిలువు గీతగా చేసి, కాంతిని సూక్ష్మదర్శినికి బాగా ఏటవాలుగా ఉంచి, పై, కింది లింబస్‌ల మీదుగా నడిపించాలి. నునుపైన కంటిలో ఆ వెలుగు గీత ఒకే వంపుగా సాగిపోతుంది. మలుపు తీవ్రంగా ఉన్న కంటిలో లింబస్ వద్ద మోచేయిలా విరుగుతుంది. పింగెక్యులా (కంజంక్టైవా మీద ఏర్పడే పసుపుపచ్చని చిన్న ఉబ్బు) ఉన్నచోట గీత గుట్ట ఎక్కి దిగినట్లు కనిపిస్తుంది, అది స్క్లెరా ఆకారం కాదు.

ముక్కు వైపు, చెవి వైపు అంచులను నిలువు గీత అడ్డంగా కోయదు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఈ రెండు వైపులూ ఒకేలా ఉండవు. సాధారణంగా ముక్కు వైపు స్క్లెరా ఎక్కువ చదునుగా ఉంటుంది. అటువైపు, కంటిని ముక్కు వైపు తిప్పే మీడియల్ రెక్టస్ కండరం లింబస్‌కు దాదాపు 5.5 మిల్లీమీటర్ల దూరంలోనే అతుక్కుంటుంది. చెవి వైపు కండరం 6.9 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. స్క్లెరల్ లెన్సులు తరచుగా కిందికీ చెవి వైపుకూ జరగడానికి ఈ అసమానత ఒక కారణం. కనుక అడ్డు దిశలో కంటి ముందుభాగపు ఓసీటీ (కాంతితో తీసే అడ్డుకోత చిత్రణ) చిత్రం తీయాలి. చిత్రపు వెడల్పు చాలకపోతే చూపును కాస్త పక్కకు మళ్లించి, ఒక్కో వైపునూ విడిగా తీయాలి. చూపు నేరుగా ఉన్న చిత్రంలో 15 మిల్లీమీటర్ల అడ్డుగీత గీసి, అక్కడి నుంచి కార్నియా శిఖరం దాకా ఎత్తు కొలిస్తే, అది చాలా కళ్లలో 3.7 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. చూపు మళ్లించిన చిత్రాల నుంచి ఈ ఎత్తును లెక్కగట్టకూడదు.

చివరగా పరీక్ష లెన్స్ పెట్టి, అది కుదురుకునేందుకు కనీసం 20 నిమిషాలు ఆగి, అంచు కింద రక్తనాళాలు ఏ దిక్కున పాలిపోయాయో, ఏ దిక్కున అంచు పైకి లేచిందో చూసి, ముందు రాసుకున్న ఆకృతి పక్కనే గడియారపు అంకెల లెక్కన నమోదు చేయాలి. రెండూ పొసగకపోతే లెన్స్ మార్చే ముందు, ఆ దిక్కున ఆకృతిని మళ్లీ పరిశీలించాలి.